చైనాకు పంపిన నిశ్శబ్దం

ఆ రోజు పొద్దున సుజన వేసుకున్న పథకం చాలా చిన్నది. పది దాటాక మేడ మీద బట్టల బేళ్ల గదిలో కూర్చోవాలి. ఫోన్‌లో ఇంగ్లిష్ చదివి రికార్డు చేయాలి. మధ్యాహ్నం రెండు లోపల పంపించేయాలి. అంతే. హైదరాబాద్ పాతబస్తీ ఛత్రినాకలో, అందులోనూ వాళ్ల గల్లీలో, ఒక మనిషి కాసేపు నిశ్శబ్దం కోరుకోవడం ఎంత పెద్ద కోరికో ఆమెకు అప్పటికి తట్టలేదు.

గచ్చిబౌలిలో ఒక చిన్న కంపెనీ ఉంది. చైనాలో మన ఇంటర్ రెండో సంవత్సరం లాంటి చదువు చదివే పిల్లలకు అది ఇంగ్లిష్ అభ్యాసాలు తయారుచేసి పంపుతుంది. అక్కడి పెద్ద పరీక్షలో ముందు స్పీకర్‌లో సంభాషణలు వినిపిస్తారట. విని జవాబులు గుర్తించాలి. ఆ తర్వాత పేరాలు చదివి జవాబులు గుర్తించాలి. పిల్లలు ఒకే తీరు గొంతుకు అలవాటు పడిపోతున్నారు, ఈసారి ఒక హైదరాబాద్ గొంతు కూడా వినిపిద్దాం అని కంపెనీవాళ్లకు తోచింది. వచ్చిన గొంతుల్లో కంపెనీలో ఈ పని చూసే విమలాదేవి మేడమ్‌కు సుజన గొంతు నచ్చింది. ఒక పూర్తి పేపరు నమూనాగా చదివి పంపమంది. బాగుంటే ఏడాది పొడవునా పని. బాగుండకపోతే ఆ పని మైసూరులో ఇంకో అమ్మాయికి పోతుంది.

అప్పుడు సుజన ఎక్కడికి పోతుందో కూడా నిర్ణయమైపోయింది. వాళ్లు కింది వాటాలో అద్దెకుంటున్న ఇంటి యజమాని వెంకటనారాయణకు బజారులో బట్టల హోల్‌సేల్ దుకాణం ఉంది. సోమవారం నుంచి వచ్చి గల్లా పక్కన కూర్చోమని ఆయన మంచి మనసుతోనే చెప్పాడు. తండ్రి మొగులయ్య వంశంలో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి సుజన. అదీ ఇంగ్లిష్ సాహిత్యం. ఆ గల్లా పక్కన కూర్చుంటే తాను నేర్చుకున్న ఇంగ్లిష్ అంతా 'ఫిక్స్‌డ్ రేట్' అనే రెండు మాటలకు కుంచించుకుపోతుందని ఆమె దిగులు.

ముందురోజు పేపరు చేతికి వచ్చినప్పటి నుంచి ఆమె కళ్ల ముందు ఒక పిల్ల మెదులుతూనే ఉంది. ఏదో పెద్ద నది ఒడ్డున పొగమంచు పట్టిన ఊరు. తరగతి గది కిటికీ అద్దాల మీద ఆవిరి. నీలిరంగు యూనిఫాం వేసుకున్న ఆ పిల్ల చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటోంది. వింటున్నది సుజన గొంతు. ఛత్రినాక అనే పేరు ఆ పిల్ల జన్మలో వినదు. అయినా ఒక గొంతు ఇక్కడి నుంచి లేచి, కొండలూ మబ్బులూ దాటిపోయి, ముక్కూమొహం తెలియని ఒక పిల్ల చెవిలో మెల్లగా కూర్చోవడం ఎంత విచిత్రం. అలా అనుకుంటూ ఉండగానే చేతిలో టీ చల్లారి మీగడ కట్టింది.

కంపెనీ పెట్టిన షరతు ఒక్కటే. ప్రశ్నకూ ప్రశ్నకూ నడుమ పిల్లలు ఆలోచించుకోవడానికి కొంత ఖాళీ వదలాలి. ఆ ఖాళీని కూడా అదే గదిలో రికార్డు చేయాలి. ఖాళీ ఖాళీగానే ఉండాలి.

అది విని సుజన తల్లి కాశమ్మ భర్త వైపు చూసింది. ఎదురుగా ఖాజా భాయ్ గ్రిల్లుల వర్క్‌షాపు. గల్లీ మొదట్లో ఆటోల అడ్డా. పాత ఇనుము కొనే బండి మైకు రోజుకు ఎన్నిసార్లు తిరుగుతుందో దానికే తెలియదు. పైన వెంకటనారాయణ తల్లి నాగమణమ్మ టీవీ. ఈ గల్లీలో ఖాళీ ఎక్కడి నుంచి తేవాలి?

"నేను చెప్త గల్లీల. ఫికర్ చెయ్యకు," అన్నాడు మొగులయ్య.

"ఎందుకో మాత్రం చెప్పకు బాపూ. రేపు ఫెయిలైతే ఒక్కొక్కరు వచ్చి అడుగుతరు, ఏమాయె నీ చైనా అని."

"చెప్ప. నా నోట్లెకెల్లి చైనా అన్న మాట రాదు."

మొగులయ్యది నీళ్ల ఆఫీసులో వాల్వులు తిప్పే ఉద్యోగం. గల్లీలో నల్లా ఎప్పుడొస్తుందో, ఎంతసేపు వస్తుందో తెలిసిన మనిషి. అలాంటి మనిషి గడప దగ్గరికి వచ్చి అడిగితే కాదనేవాడు ఆ చుట్టుపక్కల లేడు. అయితే రహస్యం దాచడం ఆయనకు అలవాటు లేని పని. దాచాలనుకునేసరికి గొంతు దానంతటదే తగ్గిపోయింది, మొహం బరువెక్కింది. భుజం మీది తువ్వాలతో మాటిమాటికీ నోరు తుడుచుకుంటూ ఇల్లిల్లూ తిరిగి, ఇవాళ జర సప్పుడు కాకుండా చూసుకోండని మాత్రం చెప్పాడు. తల వంచుకుని చెప్పాడు. అలా తల వంచుకుని వచ్చిన మనిషిని ఎందుకని అడగడం ఆ గల్లీలో మర్యాద కాదు.

"ఫికర్ నక్కో మొగులన్నా," అని ఖాజా భాయ్ ఆయన భుజం పట్టుకున్నాడు. మిషన్లు ఆపించాడు. షట్టర్ పూర్తిగా దించితే సెలవనుకుని గిరాకీ తిరిగిపోతుంది గనుక సగం మాత్రమే దించాడు. ఆ వీధుల్లో షట్టర్ సగం దించితే ఎవరో పోయారని ఒకే ఒక్క అర్థం ఉందని పాపం పనుల ధ్యాసలో ఆయనకు గుర్తు రాలేదు. అది చూసి పక్కన కిరాణా అతను సగం దించాడు. ఆయనను చూసి గాజుల కొట్టు ఆమె. మొగులయ్య తృప్తిగా వెనక్కి చూసుకుని, వాల్వు తిప్పడానికి డ్యూటీకి వెళ్లిపోయాడు. ఉన్న విషయం విప్పి చెప్పగల ఒక్క మగమనిషి అలా గల్లీ దాటిపోయాడు.

మేడ మీద రెండు గదులు. ఒకటి నాగమణమ్మది, రెండోది వెంకటనారాయణ సరుకు పెట్టుకునేది. నేల నుంచి కప్పు దాకా బట్టల బేళ్లు పేర్చి ఉన్న ఆ గదిలో మాట గోడకు తగిలి తిరిగి రాదు. బేళ్లలోకి ఇంకిపోతుంది. సుజన ముందే పోయి నాగమణమ్మను టీవీ పెట్టొద్దని బతిమాలుకుంది. కోడలు పుట్టింటికి పోయింది, టీవీ లేదు, మోకాళ్ల నొప్పికి గోలీ వేసుకుని ఉంది. ఆ పెద్దావిడకు ఇక నిద్రపోవడం తప్ప వేరే పని లేకపోయింది.

సంభాషణలు గనుక మగగొంతు కూడా కావాలి. దానికి పక్కింటి సామ్యూల్‌ను మాట్లాడుకున్నారు. కరెంటు ఆఫీసులో పని, ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆయనే. ఆ రోజు సెలవు పెట్టి, పెళ్లినాటి నల్లకోటు తొడుక్కుని, పేపరున్న ఫైలు గుండెలకు హత్తుకుని వచ్చాడు. గొంతు చైనాకు పోతుంటే మనిషి లుంగీలో ఉండటం బాగుండదన్నది ఆయన ఉద్దేశం. మెట్ల దగ్గర చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా ఒక్కొక్క మెట్టూ ఎక్కాడు.

ఆయన ఎక్కడం స్వరూప చూసింది. స్వరూప భర్త ఎల్లేష్‌కు గల్లీ మూల మీద టెంట్‌హౌస్ ఉంది. ఆమె కరివేపాకు కోసం కాశమ్మ ఇంటికి వచ్చింది. చూస్తే పొయ్యి వెలగలేదు. కుక్కర్ విజిల్ వేస్తుందని కాశమ్మ వంటే మొదలుపెట్టలేదు. ఫ్యాను కూడా బంద్ చేసి గోడకు ఆనుకుని కూర్చుంది. పై నుంచి సన్నగా దిగివచ్చే కూతురి ఇంగ్లిష్ వింటూ ఉంటే ఆ తల్లికి కళ్లు నిండాయి. స్వరూప గడపలోనే ఆగిపోయి, ఏమైందన్నట్టు చెయ్యి తిప్పింది. కాశమ్మ పెదాల మీద వేలు పెట్టి, ఆ వేలితోనే పైకి చూపించి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

పేరా చదివి జవాబు గుర్తించే పరీక్షలో ఇంతకంటే సులభమైన ప్రశ్న ఉండదు. సగం షట్టర్లు, ఆరిన పొయ్యి, నల్లకోటు, పైకి చూపిన వేలు, తడి కళ్లు. పైన ఉండేది ఎవరు? స్వరూప కరివేపాకు అడగకుండానే వెనక్కి తిరిగింది.

ఎల్లేష్‌కు ఒక నియమం ఉంది. వాళ్ల నాన్న నుంచి వచ్చింది. పెళ్లికి టెంట్ కావాలంటే వచ్చి అడగాలి, బేరమాడాలి. ఎవరైనా పోతే మాత్రం ఎవరూ అడగకూడదు. ఏడ్చే ఇంటి నుంచి మనిషి వచ్చి టెంట్ అడిగాడంటే అది టెంట్‌హౌస్‌వాడికే సిగ్గుచేటు. అందుకని కబురు చెవిన పడగానే ఆయన కుర్రాళ్లను పిలిచి గుంజలు ఎత్తించాడు. సమ్మెట వాడొద్దన్నాడు. తాళ్లను కిటికీ ఊచలకు కట్టించాడు. కుర్చీలను ఈడ్చకుండా ఒక్కొక్కటీ ఎత్తి పెట్టించాడు. చివరికి శవాన్ని ఉంచే ఐస్‌బాక్సు కూడా తెప్పించి మెట్ల కింద దించాడు.

"పైకి పోయి చూద్దామా?" అని ఎవరో గుసగుసగా అడిగారు.

"కొడుకు రాకముందు మనం పోవుడేంది? పద్ధతి గాదు," అన్నాడు ఎల్లేష్.

కాబట్టి కొడుకును పిలవాలి. అందులోనూ ఒక పద్ధతి ఉంది. పోయారన్న మాట ఫోన్‌లో చెప్పరు. ఎల్లేష్ వెంకటనారాయణకు ఫోన్ చేసి, "సేటూ, అమ్మకు జర పానం బాగలేదు. మెల్లగ రా. బండి నువ్వు నడపకు," అన్నాడు. ఆ మూడు మాటలకు అర్థమేమిటో పాతబస్తీలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నిజంగా ఒంట్లో బాగాలేకపోతే బండి నడపొద్దని ఎవరూ అనరు. అవతల ఫోన్ చేతిలోనే ఉండిపోయిన వెంకటనారాయణను చూసి పక్క దుకాణం షట్టర్ సగం దిగింది. ఆ పక్కది దిగింది. కాసేపట్లో బట్టల బజారులో ఒక వరుస వరుసంతా సగం కళ్లు మూసుకుంది.

మేడ మీద సుజనకు ఇవేవీ తెలియవు. ఫోన్ మోగకుండా చేసి బేళ్ల నడుమ గూడులో నిలబెట్టింది. మొదటి సంభాషణ గొడుగు గురించి. ఒకతను లైబ్రరీలో గొడుగు మరిచిపోతాడు, ఆ గొడుగును బస్‌స్టాపులో చూశానని ఒక అమ్మాయి చెబుతుంది. సామ్యూల్ 'నా గొడుగు కనబడటం లేదు' అన్న వాక్యాన్ని, ఒక నగరం కూలిపోతుందని ప్రవక్త ప్రకటించినట్టు చదివాడు.

"అన్నా, పోయింది గొడుగే. లోకం మునగలే," అంది సుజన.

"గొడుగు పోతే మాత్రం బాధ ఉండదా చెల్లె?"

మళ్లీ చదివారు. ఈసారి ఇంకా బాధగా వచ్చింది. ఆ గంభీరమైన గొంతు బేళ్లను దాటుకుని సన్నగా కిందికి దిగితే టెంట్ కింద కూర్చున్నవాళ్లు అది ప్రార్థన అనుకుని తలలు వంచారు. మతం కాని మతమైనా పెద్దావిడ కోసం సెలవు పెట్టి వచ్చి ప్రార్థిస్తున్నాడని సామ్యూల్ మంచితనాన్ని మెచ్చుకున్నారు.

చదువుతున్నకొద్దీ సుజనకు ఏదో మైకం కమ్మింది. ప్రతి ప్రశ్న తర్వాత ఖాళీ వదిలినప్పుడల్లా ఆ ఖాళీ ఇంకా లోతుగా ఉన్నట్టు తోచింది. మొదట ఎక్కడో ఒక ఆటో వినబడింది. తర్వాత అదీ లేదు. గల్లీ మొదట్లోనే ఇంజన్లు ఆపి ఆటోలను చేతులతో తోసుకుంటూ వస్తున్నారని ఆమెకేం తెలుసు? పాత ఇనుము బండి మైకు ఒక్కసారి గురగురమని, ఎవరో దాని గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. బాపు ఒక్క మాటకు ఇంత విలువ ఉందా అని ఆమె మనసు పొంగింది. పుట్టినప్పటి నుంచి ఈ గల్లీని ఇంత మెత్తగా ఆమె ఎప్పుడూ వినలేదు. నీళ్ల అడుగున ఊరు ఉంటే ఇలాగే ఉంటుందేమో. ఆ నీళ్ల గుండా తన గొంతు చేపలా ఈదుకుంటూ పోతోంది. నది ఒడ్డున ఆ పిల్ల కళ్లు మూసుకుని, తల కొంచెం పక్కకు వంచి వింటోంది.

ఇక ఒకే ఒక పేరా మిగిలింది. మంచినీళ్లు తాగుదామని లేచి సామ్యూల్ కిటికీ రెక్క కొద్దిగా తీశాడు. తీసి అలాగే నిలబడిపోయాడు.

"చెల్లె, గల్లీల ఎవరో పోయినట్టున్నరు."

సుజన వచ్చి చూసింది. కింద తెల్లటి టెంట్, కుర్చీల నిండా మనుషులు, ఒక్క నోరూ కదలడం లేదు. ఇంతలో టెంట్ ముందు ఇద్దరు కుర్రాళ్లు ఒక ఫ్లెక్సీ విప్పారు. ఫ్లెక్సీ కొట్టించడానికి ఆ వీధుల్లో ఎక్కువసేపు పట్టదు. మూలకు గాలి తగిలి అది ఒకసారి మేడ వైపు తిరిగింది. పూలదండ బొమ్మ నడుమ నాగమణమ్మ నవ్వుతోంది. కింద పెద్ద అక్షరాలతో శ్రద్ధాంజలి.

సుజన పక్క గోడకు చెవి ఆనించింది. గోడ అవతల నాగమణమ్మ సన్నగా, క్రమం తప్పకుండా గురక పెడుతోంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంగతి నెమ్మదిగా తెలిసివచ్చింది.

"కిందికి పోయి చెప్దామా?" అన్నాడు సామ్యూల్.

చెప్పాలి. అందులో అనుమానం లేదు. చిన్నప్పటి నుంచి చెప్పాల్సింది చెప్పకుండా దాచిన పిల్ల కాదు సుజన. కానీ చెప్పగానే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. నిట్టూర్పులు, నవ్వులు, తిట్లు, ఆటోలు, మైకు, మిషన్లు అన్నీ ఒక్కసారి లేస్తాయి. సాయంత్రం దాకా దిగవు. రెండు దాటిపోతుంది. మైసూరు అమ్మాయి గొంతు సవరించుకుంటుంది. సోమవారం గల్లా. ఇటు చూస్తే ఇంత నిశ్శబ్దం. ఎవరు అడిగినా, ఎంత బతిమాలినా ఆ గల్లీ ఇవ్వని నిశ్శబ్దం, తనదాకా పరుచుకుని ఉంది.

"ఒక్క పేరా అన్నా. అయినంక నేనే పోయి కాళ్లు మొక్కి చెప్త."

"ఆమె లేస్తే?"

"గోలీ వేసుకుంది. లేవదు."

ఆ ఆఖరి పేరా ఎక్కడో చలిదేశంలో ఉన్న ఒక సరస్సు గురించి. చలికాలం మొదట్లో అది గడ్డకట్టబోయే ముందు లోపల నుంచి ఒక చిన్న శబ్దం చేస్తుందట. ఒడ్డున ఉండే ముసలాయన ప్రతి ఏడూ ఆ శబ్దం కోసం ఎదురుచూస్తాడు. గడ్డకట్టిన సరస్సును సుజన ఎన్నడూ చూడలేదు. చూసింది మీరాలం చెరువు, అది గడ్డకట్టదు. అయినా ఆ పూట ఆమె గొంతులోకి ఆ చలి ఎక్కడి నుంచో వచ్చింది. ఒకసారి చదివింది. ఆ పరీక్ష పద్ధతి ప్రకారం రెండోసారి చదివింది. కింద వంద మంది, ఎవరికీ తెలియకుండానే, ఊపిరి బిగబట్టి ఆ సరస్సును గడ్డకట్టనిచ్చారు. ఆఖరి ప్రశ్న అడిగింది. చివరి ఖాళీ మొదలైంది.

గాఢనిద్రలో ఉన్నవాళ్లకు ఫ్యాను ఆగిపోతే మెలకువ వచ్చినట్టు, నాగమణమ్మను ఆ నిశ్శబ్దమే లేపింది. కిటికీలోంచి చూసింది. టెంట్ కనబడింది, జనం కనబడ్డారు, ఫ్లెక్సీ వీపు మాత్రమే కనబడింది. గోడ పట్టుకుని మెల్లగా నడిచి బేళ్ల గది తలుపు తోసింది. నల్లకోటులో సామ్యూల్‌ను చూసేసరికి ఆమెకు దుఃఖం ఆగలేదు.

"ఎవరు పోయిండ్రు బిడ్డా?" అని వణికే గొంతుతో అడిగింది.

సుజన నోరు తెరవలేదు. ఖాళీ ఇంకా పూర్తి కాలేదు. వేలు పెదాల మీద పెట్టుకుంది. అది చూసి నాగమణమ్మ, పేరు కూడా చెప్పలేనంత దగ్గరివాళ్లన్నమాట అనుకుని, కొంగు నెత్తిన కప్పుకుని కిందికి నడిచింది. సామ్యూల్ ఆపడానికి చెయ్యి చాచాడు గానీ, మాట్లాడకుండా ఆమెను ఆపడం ఎవరివల్లా కాదు.

మెట్ల మీద ఆమె కనబడగానే టెంట్ కింద ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఎవరూ అరవలేదు. అరవడానికి ఊపిరి ఉండాలి. నాగమణమ్మ ఐస్‌బాక్సును చుట్టి వచ్చి ముందు వరుసలో, స్వరూప పక్కన కూర్చుని, ముక్కు చీది ఏడవసాగింది. స్వరూప కుర్చీతో సహా నెమ్మదిగా పక్కకు జరిగింది. ఫ్లెక్సీ చూసినప్పటి నుంచి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్న కాశమ్మ ఏడుపు ఆపేసి, ఆవిడను గిల్లి చూడాలా వద్దా అని ఆలోచనలో పడింది.

సరిగ్గా అప్పుడు వెంకటనారాయణ ఆటో దిగాడు. వెనక బజారు సేట్లు. ఆయన ఎటూ చూడలేదు. నేరుగా పోయి ఐస్‌బాక్సు మీద పడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాగమణమ్మ లేచి వచ్చి కొడుకు తల నిమిరింది.

"ఊకో కొడుకా, ఊకో. ఎవరురా?"

"నువ్వేనమ్మా," అని ఏడుస్తూనే అన్నాడు వెంకటనారాయణ. అన్నాక తల ఎత్తాడు.

ఆ తర్వాత కాసేపు గల్లీలో ఏం జరిగిందో వరుసగా చెప్పడం కష్టం. నాగమణమ్మ ముందుగా ఫ్లెక్సీ ఎదుటికి పోయి నిలబడి, ఈ ఫోటో ఎవడిచ్చాడని, ఇందులో తన కమ్మలు కనబడటం లేదని నిలదీసింది. వెంకటనారాయణ ఎల్లేష్ మీదికి పోయాడు. ఎల్లేష్ పెళ్లాన్ని చూపించాడు. స్వరూప కాశమ్మ వేలును చూపించింది. కాశమ్మ తన వేలును తానే చూసుకుంది. ఖాజా భాయ్ షట్టర్ ఒక్క ఊపుతో పూర్తిగా పైకెత్తేసి, తాను సగం దించలేదని, సగం ఎత్తానని వాదించాడు. లొల్లి అలా వెనక్కి వెనక్కి నడిచి, అప్పుడే వాల్వు తిప్పి వస్తున్న మొగులయ్య దగ్గర ఆగింది. ఆయన టెంట్ చూసి సైకిల్ దిగి, తువ్వాల తీసి, ఎవరు పోయారని మెల్లగా అడిగాడు. ఎవరూ ఆయనను కొట్టకుండా ఆపడం మేడ దిగి వచ్చిన సామ్యూల్‌కు కష్టమే అయ్యింది.

సుజన మెట్లు దిగి అందరి ముందూ నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. చైనా పిల్లలు, పరీక్ష, ఖాళీలు. ఆఖరి పేరా ముందే తనకు తెలిసిపోయిందని, అయినా చదివానని కూడా చెప్పింది. నాగమణమ్మ కాళ్లకు మొక్కింది.

"బజారంత బంద్ వెట్టిచ్చినవ్," అన్నాడు వెంకటనారాయణ. "ఇగ నా దుకాన్ల గల్లా కాడ గూసుంటె ఇంకేం బంద్ వెట్టిస్తవో. సోమారం రాకు."

సుజన తల ఊపింది. నిన్నటిదాకా ఆ గల్లా పక్క కుర్చీని తలుచుకుని భయపడింది. ఇప్పుడు అదీ లేకుండా పోయింది. ఇక మిగిలింది చైనా ఒక్కటే.

"పిల్లను ఏమనకు," అంది నాగమణమ్మ. ఆమె అప్పటికే ముందు వరుస కుర్చీలో సర్దుకుని కూర్చుని టీ తాగుతోంది. "ఇంతమంది నాకోసం వచ్చుడు, నిజంగ పోతె నేను సూసేదాన్నా? మీ మేనమామ రాలే సూడు. యాదివెట్టుకో." టెంట్ సాయంత్రం దాకా తీయొద్దని ఎల్లేష్‌కు చెప్పింది. ఇంకా వచ్చేవాళ్లు ఉంటారు, వాళ్లనూ చూడాలి. వచ్చినవాళ్లకు మరో చిక్కు వచ్చిపడింది. చావింటి నుంచి పోతే స్నానం చేయందే గడప తొక్కకూడదు. ఎవరూ చావని చావుకు స్నానం చేయాలా? బజారు సేట్లు రెండు పక్షాలుగా విడిపోయారు. ఏ పక్షానికైనా నీళ్లు కావాలి గనుక అందరూ మళ్లీ మొగులయ్య చుట్టూ మూగారు.

ఆ సందడిలోనే సుజన పక్కకు పోయి ఫైలు పంపింది. పంపాక, మనసు ఆగక, చివరి భాగం చెవి దగ్గర పెట్టుకుని విన్నది. సరస్సు. ప్రశ్న. ఖాళీ. ఆ ఖాళీ నడిబొడ్డున, అద్దంలా స్పష్టంగా, లొల్లిలో పడి తాను మరిచేపోయిన నాగమణమ్మ గొంతు. ఆపి, మళ్లీ పంపుదామని చూసింది. రెండు దాటింది. అటు నుంచి రెండు నీలి టిక్కులు వచ్చేశాయి.

మిగిలిన మధ్యాహ్నమంతా ఆమె టెంట్ కిందే ఒక కుర్చీలో కూర్చుంది. ఆ వాతావరణం ఆమెకు సరిగ్గా సరిపోయింది. నది ఒడ్డు ఊళ్లో ఆ పిల్ల హెడ్‌ఫోన్ తీసి, డెస్కు మీద పెట్టి, ఎటో చూస్తోంది. కాశమ్మ వచ్చి పక్కన కూర్చుని ఏమీ అడగకుండా జడ సవరించింది.

పొద్దుగూకే వేళకు విమలాదేవి మేడమ్ ఫోన్ చేసింది. సుజన లేచి నిలబడి మాట్లాడింది.

"అమ్మా, అంత మంచి స్టూడియో మీకు ఎక్కడ దొరికింది? మా స్టూడియోలో కూడా అంత నిశ్శబ్దం రాదు. చైనావాళ్లకు వెంటనే వినిపించాను. ఏడాది పని మీకే ఇవ్వమన్నారు."

సంతోషం కన్నా ముందు నిజం బయటికి వచ్చింది. "మేడమ్, ఆఖర్ల ఒక గొంతు వచ్చింది. తప్పు నాదే. దాన్ని మళ్ల చదివి పంపుత."

"అయ్యో, దాన్ని ముట్టుకోకండి. వాళ్లకు అన్నిటికంటే అదే నచ్చింది. అంతసేపు ఇంగ్లిష్ విని తూగుతున్న పిల్ల కూడా ఆ పెద్దావిడ గొంతు వినగానే లేచి కూర్చుంటుందట. భాష రాకపోయినా, గొంతును బట్టి ఆమె ఏమడుగుతోందో ఊహించాలి. అదొక కొత్త ప్రశ్నగా పెట్టేస్తున్నారు. ఒక్కటే తక్కువైంది. ఆమె అడిగినదానికి జవాబేమిటో మీరు పంపలేదు."

టెంట్ కింద నాగమణమ్మ, అప్పుడే దండ పట్టుకుని వచ్చిన మేనమామను పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంటోంది. పొద్దున్నుంచి వంద మంది కలిసి వెతికినా దొరకని జవాబు అదొక్కటేనని సుజన మేడమ్‌కు చెప్పలేదు.